శనివారం తెగని లైను

ముందు పోయినవన్నీ లెక్క చెబుతాను.

టెక్సాస్‌లోని ప్లేనోలో శ్రావణి అనే అమ్మాయి ఇంటికి మా ఫోన్ కంపెనీ అమ్మిన వేగం ఇరవై నాలుగు మెగాబిట్లు. ఇంటి బయట గోడకి బిగించిన బూడిదరంగు పెట్టె దాకా వచ్చింది ఇరవై రెండు పాయింట్ ఆరు. లోపల మోడెం దగ్గరికి చేరింది పద్నాలుగు పాయింట్ మూడు. అంటే గోడ దాటాక, ఆ ఇంట్లోనే, ఎనిమిది పాయింట్ మూడు మెగాబిట్లు ఎటో పోయాయి. పద్నాలుగు రోజుల్లో లైను ముప్ఫై ఏడు సార్లు తెగింది. తెగిన ప్రతిసారీ మోడెం మళ్ళీ కలుసుకోవడానికి రెండు నిమిషాలు, పనిరోజుల్లో తెగిన ఇరవై తొమ్మిదిసార్లూ శ్రావణి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి తిరిగి లాగిన్ అవడానికి ఏడేసి నిమిషాలు. మొత్తం రెండు వందల డెబ్బై ఏడు నిమిషాలు. అయిదు వారాల్లో టెక్నీషియన్లు మూడుసార్లు వెళ్ళారు. మూడుసార్లూ ఫిర్యాదు టికెట్ మీద ఒకే మాట రాసి మూసేశారు: లోపం లేదు.

ఆ మూడింట్లో మొదటిది రాసింది నేనే.

ఇంకో రెండు రోజులు గడిస్తే శ్రావణి ఉద్యోగం కూడా ఈ జాబితాలో చేరేది. చేరలేదు. ఎందుకు చేరలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి కంపెనీ ఇచ్చే శిక్షణలో ఇది ఉండదు.

పెట్టె ఎక్కడ ఉంటే హద్దు అక్కడ

నేను ఇంజనీరింగ్ చదవలేదు. ఇర్వింగ్‌కి మా ఆయన వీసా మీద వచ్చాను. ఆరేళ్ళు పనిచేసే అనుమతి లేదు. ఆ ఆరేళ్ళూ అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని, లైబ్రరీ వాళ్ళు అమ్మకానికి పెట్టిన పాత టెలిఫోన్ పుస్తకాలు తెచ్చుకుని చదివాను. లైనులో సంకేతం బలాన్ని కొలిచే డెసిబెల్ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు. కాగితం మీద రెట్లు, సగాలు వేసుకుంటూ నాకు నేనే తెలుసుకున్నాను. గ్రీన్ కార్డు వచ్చాక ఫోన్ కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేరాను. పద్దెనిమిదేళ్ళు వ్యాన్ నడిపాను. రాగి లైన్లు మూసేస్తూ కంపెనీ ముందుగా వెళ్ళిపోయేవాళ్ళకి అవకాశం ఇచ్చినప్పుడు యాభై ఆరేళ్ళకి బయటికి వచ్చాను.

మా సూపర్‌వైజర్ పేరు డేల్. తూర్పు టెక్సాస్ మనిషి. చెడ్డవాడు కాదు. ఎండలో స్తంభం ఎక్కాల్సి వస్తే తనే ముందు ఎక్కేవాడు. కానీ ఆయనకి ఒక సూత్రం ఉండేది: బూడిదరంగు పెట్టె దాకా మన వైరు, పెట్టె దాటితే ఇంటివాళ్ళ వైరు. పెట్టె దగ్గర మీటర్ పెట్టు, అంకె బాగుంటే టికెట్ మూసెయ్, తర్వాతి ఇంటికి పద. ఒక్కో ఇంటికి నలభై అయిదు నిమిషాలు.

ఆ సూత్రం తప్పని చెప్పను. కంపెనీ హద్దు నిజంగానే అక్కడ ఆగుతుంది. కానీ ఫోన్ చేసిన మనిషి పెట్టె దగ్గర కూర్చుని పనిచేయడు. లోపల కూర్చుంటాడు. ఈ తేడా అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ నేను డేల్ కంటే డేల్‌లా పనిచేశాను. నలభై అయిదు నిమిషాల పని ముప్ఫై ఎనిమిదిలో చేసి గర్వపడ్డాను.

శ్రావణి ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు కూడా అంతే. పెట్టె తెరిచాను, ఇరవై రెండు పాయింట్ ఆరు. బాగుంది. లోపలికి రమ్మన్నారు. వాళ్ళ అత్తగారు సుభద్రమ్మగారు తెలుగు మనిషి మెకానిక్‌గా వచ్చిందని తెగ ముచ్చటపడ్డారు. సోఫాలో కూర్చోబెట్టి అల్లం టీ ఇచ్చారు. మోడెం వంక చూశాను, లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి. టీ తాగినంతసేపూ పచ్చగానే ఉన్నాయి. లోపం లేదని రాసి సంతకం పెట్టించుకుని వచ్చేశాను. అప్పట్లో ఇంటి నుంచి పనిచేయడం ఇంకా అరుదు. లైను తెగితే ఆ అమ్మాయికి ఏం పోతుందో నేను అడగలేదు.

వైరు ఎక్కడ ముగుస్తుంది

అసలు సంగతికి ముందు వైరు గురించి నాలుగు ముక్కలు. ఇది తెలియకపోతే మిగతాది తెలియదు.

పాత ఇళ్ళలో ఫోన్ ఒక్కచోటే ఉండేది కాదు. హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, పడకగదిలో ఒకటి. ఒకే లైనుని గది గదికీ లాగి ఫోన్ తగిలించడానికి గోడకి జాకులు పెట్టేవారు. ఇవే ఎక్స్‌టెన్షన్లు. మాటకి వాటితో ఇబ్బంది లేదు. మనిషి గొంతుకి కావలసిన ఫ్రీక్వెన్సీ చాలా తక్కువ, ఎంత వంకర వైరులోనైనా వెళ్ళిపోతుంది.

బ్రాడ్‌బ్యాండ్ అలా కాదు. అదే వైరు మీద కొన్ని వందల రెట్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీలో నడుస్తుంది. అది ఎక్స్‌టెన్షన్ ఉన్న ప్రతి దారిలోకీ వెళ్తుంది. చివర ఏమీ తగిలించి లేని వైరులోకి వెళితే కొన దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. ఆలస్యంగా తిరిగి వచ్చి, అప్పుడే బయలుదేరుతున్న తన మీద తనే పడుతుంది. ఒకానొక ఫ్రీక్వెన్సీ దగ్గర రెండూ సరిగ్గా ఎదురుపడి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మీటర్‌లో గ్రాఫ్ చూస్తే అక్కడ గుంట కనిపిస్తుంది. వాడని ఎక్స్‌టెన్షన్ అంటే ఊరికే పడి ఉన్న వైరు కాదు. అది పొద్దస్తమానం వేగం తింటూనే ఉంటుంది.

ఇందులో నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఒకటి ఉంది. గుంట ఎన్ని మెగాహెర్ట్జ్ దగ్గర ఉందో చూసి, నూట అరవైని ఆ అంకెతో భాగించండి. వచ్చింది ఆ దాగి ఉన్న వైరు పొడవు, అడుగుల్లో. గోడ బద్దలు కొట్టనక్కర్లేదు. ఇది బాల్కనీలో కూర్చున్న రోజుల్లోనే కాగితం మీద కట్టుకున్నాను. అప్పటికి నా చేతిలో మీటర్ కూడా లేదు.

రెండో సంగతి. కంపెనీ వేసే వైరులో రెండు తీగలు జడలా మెలిపెట్టి ఉంటాయి. బయటి నుంచి ఏదైనా రొద వచ్చి పడితే రెండింటి మీదా సమానంగా పడి, చివర్లో ఒకదానికొకటి కొట్టేసుకుంటుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే బల్లపరుపు ఫోన్ వైరుకి మెలి లేదు. అది వైరు కాదు, యాంటెన్నా. రొద ఎక్కడున్నా పిలిచి లోపల పెట్టుకుంటుంది.

ఏడు గడులు

నాలుగో టికెట్ బుధవారం పొద్దున నా పేరు మీద వచ్చింది. అడ్రస్ చూడగానే గుర్తుపట్టాను. కింద డేల్ ఒక ముక్క రాశాడు: మళ్ళీ ఏమీ దొరక్కపోతే ఈ లైను వేగం సగానికి తగ్గించి మూసెయ్. వేగం తగ్గిస్తే లైను తెగడం తగ్గుతుంది నిజమే. జ్వరం వచ్చినవాడిని పడుకోబెట్టి ఇక నడవొద్దనడం లాంటి వైద్యం అది.

శ్రావణికి ఫోన్ చేశాను. గొంతులో కోపం లేదు, అలిసిపోయి ఉంది. తను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. టీమ్ కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో, తను ప్లేనోలో. మీటింగుల మధ్యలో మాయమైపోతోందని మేనేజర్ రెండు వారాల గడువు ఇచ్చాడట. గడువు శుక్రవారంతో ముగుస్తుంది. శుక్రవారం పదకొండింటికి కొత్త వెర్షన్ రిలీజ్ కాల్ ఉంది, అది నడిపించాల్సింది తనే. అందులో లైను తెగితే డబ్లిన్ ఆఫీస్‌కి వచ్చి కూర్చోవాలి, లేదా కాంట్రాక్ట్ ముగించుకోవాలి. భర్త ఉద్యోగం ఇర్వింగ్‌లో, పాప స్కూలు ప్లేనోలో. డబ్లిన్ వెళ్ళే మాట లేదు.

"అక్కా, నిజం చెప్పు. మా లైన్‌లో నిజంగా ఏమీ లేదా, లేక మీకు దొరకడం లేదా?"

నా పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో నన్నెవరూ అంత సూటిగా అడగలేదు. మాకు దొరకడం లేదు అన్నాను. అయిదు వారాల క్రితం నేను వెతకలేదు అని కూడా చెప్పాను. అయితే ఏం చేయాలో చెప్పు అంది శ్రావణి.

లైను ఎప్పుడెప్పుడు తెగిందో మోడెం రాసుకునే లాగ్ పేజీ ఎలా తెరవాలో చెప్పి స్క్రీన్‌షాట్లు పంపమన్నాను. పద్నాలుగు రోజుల లాగ్ ఉంది. ఇండియన్ గ్రోసరీ ముందు వ్యాన్ ఆపి, డబ్బాలోని పెరుగన్నం పక్కన పెట్టి, స్టీరింగ్ మీద నోటు పుస్తకం ఆనించుకుని గడులు గీశాను. వారానికి ఏడు గడులు. రెండు వారాలకీ కలిపి ఆదివారం ఎనిమిది, సోమవారం అయిదు, మంగళవారం ఏడు, బుధవారం ఆరు, గురువారం అయిదు, శుక్రవారం ఆరు. శనివారం సున్నా. రెండు శనివారాలూ సున్నాయే.

ముందు పనికొచ్చింది ఆదివారం. అందరూ ఇది ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్ళే వీపీఎన్ వల్లే అనుకున్నారు. కానీ ఆదివారం శ్రావణి పనిచేయదు, లైను ఎక్కువ తెగింది ఆదివారమే. ఆఫీస్ తప్పు కాదన్నమాట. తర్వాత వేళలు చూశాను. దాదాపు అన్నీ పొద్దున పదిన్నర నుంచి పదకొండున్నర లోపు, కొన్ని సాయంత్రం అయిదు ప్రాంతంలో.

డేల్‌కి ఫోన్ చేసి చదివి వినిపించాను. పచ్చిక తడిపే స్ప్రింక్లర్ పంపు అయ్యుంటుంది, వాటికి రోజుల వంతు ఉంటుంది కదా అన్నాడు. మంచి ఆలోచనే. కానీ స్ప్రింక్లర్లు తెల్లారకముందే తిరుగుతాయి. గ్యారేజీ తలుపు మోటారా అంటే శనివారాలు కూడా కార్లు బయటికి వెళ్తాయి.

ఆదివారం ఎక్కువగా, శనివారం అసలే లేకుండా జరిగే పని ఏమిటి? డబ్బా మూత తీసి రెండు ముద్దలు తిన్నాను. పెరుగన్నంలోకి గోంగూర పచ్చడి. నిన్న రుబ్బింది. శనివారం మా ఇంట్లో మిక్సీ మోగదు. మా ఆయనకి శనివారం ఒక్కపొద్దు.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అయిదు వారాల క్రితం ఆ ఇంటి గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు లోపలెక్కడో ఒక రొద టక్కున ఆగింది. రొద వినడం గుర్తులేదు, ఆగడం గుర్తుంది. ఇంటికి మనిషి వచ్చిందని మిక్సీ ఆపి టీ పెట్టారు.

మాలో ముగ్గురం వెళ్ళాం, ముగ్గురికీ మర్యాద చేశారు. మేము ఉన్నంతసేపూ ఆ ఇంట్లో ఎవరూ ఏ పనీ చేయలేదు. అందుకే లోపం లేదు.

శ్రావణికి మళ్ళీ ఫోన్ చేసి, మీ ఇంట్లో శనివారాలు వంట ఎవరు చేస్తారని అడిగాను. ఫోన్ కంపెనీకి ఆ సంగతి ఎందుకో తనకి అర్థం కాలేదు. అత్తయ్య శనివారం ఉపవాసం ఉంటారు, ఆ రోజు మేం బయట తింటాం అంది.

టీ వద్దు

గురువారమంతా వేరే టికెట్లతో సరిపోయింది. శుక్రవారం పదిన్నరకి, మిక్సీ మోగే వేళకే వెళ్ళాను. గుమ్మంలో అడుగుపెట్టగానే రొద ఆగింది. ఈసారి వినడానికే వెళ్ళాను కాబట్టి బాగా వినబడింది. గ్యారేజీ వైపు నుంచి.

సుభద్రమ్మగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "రా అమ్మాయ్, కూర్చో. టీ పెడతా."

"టీ వద్దు పిన్నిగారూ. మీరు వెళ్ళి మిక్సీ వేయండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "ఇంటికొచ్చినవాళ్ళ చెవుల్లో మిక్సీ మోగించడం మా ఇంటా వంటా లేదమ్మా."

"మీ మర్యాద వల్లే మూడుసార్లు వట్టి చేతులతో పోయాం పిన్నిగారూ."

"అయితే దొంగ నా మిక్సీయా? ఇన్నాళ్ళూ కోడలు పిల్ల నెట్ నెట్ అని ఏడుస్తుంటే నా పెసల వల్లనా?"

ఆ మాటకి శ్రావణి తన గదిలోంచి తొంగి చూసింది. చెవులకి హెడ్‌సెట్ ఉంది. కాల్‌కి ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలు. "అత్తయ్యా, ఒక్కసారి వేయండి" అంది.

ఆవిడ గ్యారేజీలోకి వెళ్ళారు. నేను మోడెం ముందు నిలబడ్డాను. రొద మొదలైంది. పది సెకన్లు, ఇరవై, నలభై. యాభై మూడో సెకనుకి పచ్చ లైటు మినుకుమంది. మినుకుమని ఆరిపోయింది.

లోపం కళ్ళముందు కనబడితే మా పనివాళ్ళకి కలిగే సంతోషం బయటివాళ్ళకి చెప్పడం కష్టం. అయిదు వారాలుగా మమ్మల్ని తప్పించుకు తిరిగినది పట్టపగలు నా ముందు నిలబడింది. శ్రావణి మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తనకి అప్పటికి కనిపించింది ఆరిపోయిన లైటు ఒక్కటే.

లైను కలుసుకోగానే మీటర్ పెట్టి గ్రాఫ్ తీశాను. గుంట ఒకటి పాయింట్ ఎనిమిది దగ్గర. నూట అరవైని దానితో భాగిస్తే ఎనభై తొమ్మిది. ఈ ఇంట్లో ఎక్కడో సుమారు ఎనభై తొమ్మిది అడుగుల వైరు చివర ఏమీ లేకుండా పడి ఉంది.

గ్యారేజీలోకి వెళ్ళాను. మన ఇళ్ళలో చాలామంది పెట్టుకున్నట్టే అక్కడ రెండో వంటిల్లు. పోపు వాసన కార్పెట్లకీ, చలికోట్లకీ పట్టకుండా గ్యాస్ స్టవ్, గట్టు, షెల్ఫు అన్నీ అక్కడే. గట్టు మీద తెనాలి నుంచి తెచ్చుకున్న మిక్సీ. ఇక్కడి కరెంటు దానికి చాలదు కాబట్టి వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్, ఇటుక రాయంత బరువుది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎత్తుపీటలా చుట్టలు చుట్టి పెట్టిన బల్లపరుపు ఫోన్ వైరు.

"ఈ వైరు ఏమిటి పిన్నిగారూ?"

ఆవిడ గుర్తు చేసుకుని చెప్పారు. ఎనిమిదేళ్ళ క్రితం మాట. కాలింగ్ కార్డుల రోజులు. ఇక్కడ వండుకుంటూ తెనాలిలో అక్కతో మాట్లాడతానంటే కొడుకు వంటింటి జాకు నుంచి అటక మీదుగా ఇక్కడికి లాగి ఫోన్ పెట్టాడు. వైరు పొడవు ఎక్కువైతే మిగిలింది కోయకుండా చుట్టచుట్టి పెట్టాడు. తర్వాత మాటలన్నీ సెల్‌ఫోన్‌లోకి వచ్చాయి, ఫోన్ తీసేశారు. వైరు ఉండిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ గట్టుని గీకుతోందని దాని కిందకి ఆవిడే తోశారు.

మిక్సీ మోటారు లోపల నిప్పురవ్వలు రాలుస్తూ తిరుగుతుంది. దాని రొద ఆ చుట్టలోకి ఎక్కి, వంటింటి జాకు మీదుగా మోడెం మీద పడుతోంది. మిక్సీ ఆగినా చుట్ట తినడం ఆపదు. ఎనిమిది పాయింట్ మూడు మెగాబిట్లు, రాత్రింబవళ్ళు.

పది నలభై అయింది. వంటింటికి వచ్చి ఫ్రిజ్ జరిపి జాకు మూత తీశాను. గ్యారేజీ వైరుది ఎరుపు తీగ ఒకటి, ఆకుపచ్చ తీగ ఒకటి. రెండు స్క్రూలు వదులు చేశాను. రెండు తీగలూ బయటికి వచ్చాయి. అంతే పని. అయిదు వారాల కష్టానికి మందు రెండు స్క్రూలు.

మోడెం దగ్గర అంకె చూశాను. ఇరవై రెండు పాయింట్ ఒకటి.

"ఇప్పుడు వేయండి పిన్నిగారూ" అని కేకేశాను.

నాలుగు నిమిషాలు తిప్పారు. లైటు కదల్లేదు. పది యాభై రెండు.

"చాలు అత్తయ్యా, ఇక కాల్ అయ్యేదాకా వద్దు" అంది శ్రావణి. నాకు పూర్తిగా నమ్మకం ఉంది, అయినా తన మాటే సరే అన్నాను. పందెం తన ఉద్యోగం, నాది కాదు.

పదకొండింటికి కాల్ మొదలైంది. నేను హాల్లో మోడెం ముందు నేల మీద కూర్చున్నాను. పదకొండు పన్నెండుకి గ్యారేజీలో మిక్సీ మొదలైంది.

శ్రావణి గది తలుపు సందులోంచి నా వైపు చూసింది. ఆ చూపుని నేను మర్చిపోలేను. లేచి వెళ్ళి ఆపమందామనుకున్నాను. లేవలేదు. నా కళ్ళు లైటు మీద ఉన్నాయి. ముప్ఫై సెకన్లు. యాభై మూడు. నిమిషం. రెండు నిమిషాలు. పచ్చగానే ఉంది. లోపల శ్రావణి మాట్లాడుతూనే ఉంది, మొదట తడబడింది, తర్వాత గొంతు నిలబడింది. అవతల ఎవరో ఏమిటా చప్పుడని అడిగినట్టున్నారు. "లంచ్" అని చెప్పి తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోయింది.

ఆ కాల్ గంటా ఆరు నిమిషాలు సాగింది. అందులో పెసలు మూడు వాయిలు, అల్లం పచ్చడి ఒక వాయి. లైను ఒక్కసారి కూడా తెగలేదు.

కాల్ అయ్యాక శ్రావణి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. సుభద్రమ్మగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డారు.

"వద్దన్నా కదా అత్తయ్యా."

"పెసలు నానిపోయాయే. ఎంతసేపు ఆపమంటావు? పైగా ఈ అమ్మాయి చేసింది నిలుస్తుందో లేదో మనకి తెలియొద్దూ. సోమవారం ఈవిడ రాదు, నా మిక్సీ మాత్రం మోగుతుంది."

పద్దెనిమిదేళ్ళలో నేను చూసిన పరీక్షలన్నిట్లోకీ సరైన పరీక్ష అదే. పెట్టింది మిక్సీ మనిషి.

ఆ మధ్యాహ్నం పెట్టె దగ్గర ఒక స్ప్లిటర్ బిగించాను. ఫోన్ జాకులన్నీ ఒక వైపు, మోడెంకి మాత్రం మెలిపెట్టిన కొత్త వైరు ఒక్కటి సూటిగా. అంకె ఇరవై రెండు పాయింట్ నాలుగుకి వచ్చింది. పెసరట్లు తినే దాకా సుభద్రమ్మగారు నన్ను వదల్లేదు. ఆ రోజు టీ తాగాను. నాలుగు వారాల తర్వాత శ్రావణి మేనేజర్ ఆ రెండు వారాల హెచ్చరిక ఎత్తేశాడు. ఆ ఏడాదే కాంట్రాక్ట్ పోయి పర్మనెంట్ ఉద్యోగం అయింది. ఆ మాట తనే ఫోన్ చేసి చెప్పింది.

డేల్ మార్చిన సూత్రం

సోమవారం పొద్దున మీటింగ్‌లో ఇదంతా డేల్‌కి చెప్పాను. మొదటి టికెట్ నేనే తప్పుగా మూశానని అందరి ముందూ చెప్పాను. నవ్వుతారనుకున్నాను. డేల్ నవ్వలేదు. నా నోటు పుస్తకం తీసుకుని ఏడు గడులూ రెండుసార్లు చదివాడు. శనివారం మీద వేలు పెట్టి కాసేపు ఉంచాడు.

"ఇకమీదట ఎవరింటికి వెళ్ళినా ముందు వాళ్ళని వాళ్ళ పని చేసుకోనివ్వండి" అన్నాడు. "మనకోసం ఆపింది ఏదైనా ఉంటే మళ్ళీ మొదలుపెట్టించండి."

ఆ తర్వాత మా బృందంలో పెట్టె దగ్గర అంకె, మోడెం దగ్గర అంకె, రెండూ రాయకుండా టికెట్ మూయకూడదన్నాడు. నలభై అయిదు నిమిషాలు గంటకి పెంచడానికి పైవాళ్ళతో పోట్లాడాడు. గెలవలేదు. యాభై దగ్గర ఆగాడు. ఆ అయిదు నిమిషాలు చాలు. పై అధికారి గురించి నేను చెప్పగలిగింది ఇదే: తన సూత్రం తప్పని కాగితం మీద చూపిస్తే మార్చుకునేవాడు దొరికితే ఆ ఉద్యోగం వదలకండి.

మీరు ఇప్పుడు రాగి తీగ చూడరు. ఫైబర్ అనే అద్దపు తీగలు, వైఫై. అయినా ప్రతి ఇంటి గోడలోనూ ఎవరో ఎప్పుడో ఏదో అవసరానికి లాగి మర్చిపోయింది ఉంటుంది. ఇంటివాళ్ళకి గుర్తుండదు. వాళ్ళని అది ఎక్కడుందని అడగకండి, మీరు లేనప్పుడు ఏం చేస్తుంటారో అడగండి.

మిగిలినవి

ఆ వారం ఇంటికి వెళ్ళాక నా పాత నోటు పుస్తకాలు తీశాను. డేల్ కంటే డేల్‌లా పనిచేసిన ఆ రెండేళ్ళలో లోపం లేదని నేను మూసిన ఇళ్ళు, శ్రావణి ఇల్లు కాకుండా, లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఒక్క శ్రావణికే అయిదు వారాలు పోతే, ఆ నలభై ఒక్క ఇళ్ళలో ఎవరికి ఏం పోయిందో నాకు తెలియదు. ఎవరింట్లోనైనా శుక్రవారం గడువు ఉండిందేమో అడగలేదు కాబట్టి తెలియదు.

డేల్‌ని అడిగాను. వారానికి రెండు ఇళ్ళు, ఖాళీ వేళల్లో, వెళ్ళమన్నాడు. గుమ్మంలో నిలబడి, ఇంతకుముందు వచ్చినప్పుడు నేను సరిగ్గా చూడలేదు, మళ్ళీ చూడనిస్తారా అని అడిగేదాన్ని. చాలామంది తెల్లబోయేవారు. తలుపు మాత్రం తీసేవారు.

ముప్ఫై నాలుగు ఇళ్ళు చూశాను. అయిదింట్లో నిజంగానే లోపం లేదు. ఇరవై తొమ్మిదింట్లో ఉంది: మంచం వెనక జాకు, దొంగల అలారం పెట్టె, మేకు దిగిన వైరు, గ్యారేజీ వంటిళ్ళు ఇంకో మూడు. ఆ ఇరవై తొమ్మిది ఇళ్ళలో కలిపి వెనక్కి తెచ్చింది నూట డెబ్బై ఒక్క మెగాబిట్లు. నేను సంపాదించిన వాటిలో నాకు గర్వం కలిగించే అంకె ఇదే.

మిగతా ఇళ్ళలో మూడు కుటుంబాలు ఎక్కడికో మారిపోయాయి. రెండు ఇళ్ళవాళ్ళు అప్పటికే మా కంపెనీ వదిలేశారు. ఒక ఇంటాయన వద్దన్నాడు, మూడోసారి కూడా వద్దన్నాడు. ఇంకొకటి హైవే వెడల్పులో పోయింది, ఇప్పుడు అక్కడ నాలుగో లేన్ ఉంది, దాని మీద నేనూ డ్రైవ్ చేస్తాను.

నోటు పుస్తకం ఆఖరి పేజీలో ఆ అడ్రసులు అలాగే ఉన్నాయి. నలభై ఒకటిలోంచి ముప్ఫై నాలుగు తీసేసి కింద గీత గీశాను. గీత కింద ఇప్పటికీ ఉన్న అంకె ఏడు.